పిల్లలతో కలిసి చలివేంద్రం పెట్టాలంటే

ప్రశ్న: మాది నరసరావుపేట. బాబుకు 11 ఏళ్ళు, పాపకు 6. మొన్న బాబు పుట్టినరోజుకు దగ్గర్లోని అనాథ పిల్లల వసతి గృహానికి వెళ్ళి కేకు కోయించాం, వాడి చేత బిస్కెట్ ప్యాకెట్లు పంచిపెట్టించాం. ఇంటికొచ్చాక వాడు ‘‘వాళ్ళెవరూ నాతో మాట్లాడలేదు, ఇంకోసారి రాను’’ అనేశాడు. ఈ వేసవి సెలవుల్లో ఇంటిల్లిపాదీ కలిసి చలివేంద్రం పెడదామంటున్నారు మా అత్తగారు. ఆ డబ్బేదో ఒక ఆశ్రమానికి ఇచ్చేస్తే సరిపోతుంది కదా అని మావారు. రోజుకు పది రూపాయలిస్తానంటే బాబు వస్తానంటున్నాడు. ఇలాంటివి చేయిస్తే పిల్లలకు నిజంగా ఇచ్చే గుణం వస్తుందా? వస్తుందంటే ఎలా మొదలుపెట్టాలి?

సమాధానం: మీ అత్తగారి మాటే వినండి. పది రూపాయల సంగతి మాత్రం పక్కన పెట్టేయండి.

మీ బాబు మాటలో తప్పేమీ లేదు. ఆ రోజు అక్కడ జరిగింది ఒకసారి మీరే ఊహించుకోండి. కొత్త దుస్తుల్లో వచ్చిన పిల్లవాడికి ముక్కూమొహం తెలియని యాభై మంది పిల్లలు వరసలో నిలబడి పాట పాడాలి, ప్యాకెట్ అందుకోవాలి, ఫోటోకు నవ్వాలి. వాళ్ళకది డ్యూటీ. మీవాడికీ డ్యూటీయే. బిస్కెట్లు కొన్నది మీరు, వసతి గృహాన్ని ఎంచుకున్నది మీరు. వాడు చేసిందల్లా మీ చేతిలోది ఇంకొకరి చేతిలో పెట్టడమే. అందులో వాడు ఇచ్చింది ఏముంది?

దీనికి సంబంధించిన ప్రయోగం ఒకటుంది. లారా అక్నిన్, కైలీ హామ్లిన్, ఎలిజబెత్ డన్ అనే పరిశోధకులు కెనడాలో రెండేళ్ళు కూడా నిండని పిల్లలతో చేసి 2012లో ప్రచురించారు. పిల్లల ముందు చిన్న బిస్కెట్లు పెట్టి, వాటిని ఒక బొమ్మకు తినిపించమన్నారు. బిస్కెట్లు తమకు అందినప్పటి కంటే బొమ్మకు ఇచ్చినప్పుడే పిల్లల మొహంలో ఎక్కువ సంతోషం కనిపించింది. పెద్దవాళ్ళు అప్పటికప్పుడు తెచ్చిన బిస్కెట్ ఇచ్చినప్పటి కంటే, తమ గిన్నెలోది తీసి ఇచ్చినప్పుడు ఇంకా ఎక్కువ. కాబట్టి ఇచ్చేది పిల్లవాడి సొంతమై ఉండాలి. పదకొండేళ్ళవాడికి సొంతమంటే డబ్బు కాదు. వాడి పొద్దుటి నిద్ర, సెలవుల్లో ఆటల టైము, వాడి బుర్ర.

పది రూపాయలు ఎందుకు వద్దన్నామంటే, ఫెలిక్స్ వార్నెకెన్, మైఖేల్ టొమసెల్లో 2008లో ప్రచురించిన ప్రయోగం 20 నెలల పిల్లల మీద చేసింది. పెద్దవాళ్ళు కింద పడేసుకున్న వస్తువును అందించినందుకు కొంతమందికి బహుమానం ఇచ్చారు. కొంతమందిని మెచ్చుకుని ఊరుకున్నారు. ఇంకొంతమందికి ఏమీ ఇవ్వలేదు. తర్వాత మళ్ళీ సాయం చేసే అవకాశం వచ్చినప్పుడు బహుమానం రుచి చూసినవాళ్ళే వెనక్కి తగ్గారు. మీరు రోజుకు పది ఇస్తే మీవాడు నెలంతా రావచ్చు. ఆపిన రోజు నుంచి రాడు. ఇప్పటికే మాటిచ్చేసి ఉంటే, వాడితో నేరుగా ‘‘అలా అనడం నాదే పొరపాటు, ఇది కూలి పని కాదు, మన ఇంటి పని’’ అని చెప్పండి. పిల్లలు అర్థం చేసుకుంటారు.

మీవారి మాటలో కూడా న్యాయం ఉంది. ఆశ్రమానికి డబ్బు నిజంగానే ఉపయోగం. కానీ ఫోన్లో పంపిన డబ్బు పిల్లల కంటికి కనబడదు. చలివేంద్రంలో గొంతు ఎండిన మనిషి ఎదురుగా ఉంటాడు, నీళ్ళు తాగి తన దారిన తాను పోతాడు. ఎవరూ వరసలో నిలబడక్కర్లేదు, కృతజ్ఞతలు చెప్పక్కర్లేదు. పైగా ఇది రోజూ చేయాల్సిన పని. ఒక పూట మానేస్తే కుండ ఖాళీ. పిల్లలకు ఇచ్చే గుణం పట్టుబడేది, తాము చేయకపోతే ఆగిపోయే పని చేతిలో ఉన్నప్పుడే.

మొదటి నాలుగు రోజులూ నీళ్ళు పోయకండి. చూడండి. చాలామంది తమ గేటు ముందే కుండ పెడతారు, ఆ సందులో మనుషులు నడవరు. కూలీల అడ్డా, ఆటో స్టాండు, ఆసుపత్రి గేటు, బస్సు ఆగే చోటు, రైతుబజారు దారి, వీటిలో మీ ఇంటికి పది నిమిషాల నడకలో ఉన్నవి రెండు ఎంచుకోండి. పొద్దున పదింటికి బాబుతో వెళ్ళి ఒక్కోచోట అరగంట నీడన నిలబడండి. ఎంతమంది నడిచి వెళ్తున్నారు, ఎంతమంది ఆగి ఎదురుచూస్తున్నారు, దగ్గర్లో వేరే నీళ్ళున్నాయా అనేది వాడే లెక్క రాసుకోవాలి. తర్వాత ఆటో డ్రైవర్లనో పండ్ల బండి ఆమెనో వాడే అడగాలి: ‘‘అన్నా, మీకు నీళ్ళు ఏ టైముకు కావాలి? ఇక్కడ పెడితే బాగుంటుందా, ఆ వేపచెట్టు కిందా?’’ ఈ ఒక్క ప్రశ్నతో అవతలివాళ్ళు దానం పుచ్చుకునేవాళ్ళు కాకుండా సలహా ఇచ్చేవాళ్ళవుతారు. మీరు తొమ్మిది నుంచి అనుకుంటే, ఏడింటికే అడ్డా మీదికి వచ్చే కూలీలు పనికి వెళ్ళేముందు బాటిల్ నింపుకుంటామని చెప్పవచ్చు. ఆ సంగతి వాళ్ళను అడిగితేనే తెలుస్తుంది.

చోటు ఖాయం చేసుకునే ముందు ఎవరి షాపు ముందు పెడుతున్నారో వాళ్ళను అడగండి, మున్సిపల్ సిబ్బందికి ఒక మాట చెప్పండి. పల్లెలో అయితే పంచాయతీ కార్యదర్శికి. మురుగుకాలవ పక్కన వద్దు. మిట్టమధ్యాహ్నం కూడా నీడ ఉంటుందో లేదో ఒంటిగంటకు వెళ్ళి చూస్తే గానీ తెలియదు. పొద్దున చల్లగా ఉన్న గోడవార ఆ వేళకు ఎండలో ఉంటుంది.

ఇక లెక్కలు. 200 మిల్లీలీటర్ల గ్లాసు అనుకుంటే ఒక్కొక్కరు రెండు గ్లాసులు తాగుతారు. రోజుకు వందమంది వస్తే 40 లీటర్లు. పాతికమంది లీటరు బాటిల్ నింపుకుంటే ఇంకో 25. మొత్తం 65 లీటర్లు. 20 లీటర్ల క్యాన్లు నాలుగు చాలు. మీ ఊళ్ళో ప్లాంటు దగ్గర క్యాను 15 నుంచి 20 రూపాయలైతే రోజుకు 60 నుంచి 80 రూపాయలవుతుంది. బోరు నీళ్ళు వాడకండి. పల్నాడులో కొన్నిచోట్ల బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ, మరిగించినా అది పోదు. మున్సిపల్ కుళాయి నీళ్ళు వాడితే క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగండి. ఒక మాత్ర ఎన్ని లీటర్లకో ప్యాకెట్ మీద ఉంటుంది, రకాన్ని బట్టి మారుతుంది. ప్లాంటు నీళ్ళయినా మూత తీశాక క్రిములను ఆపే క్లోరిన్ అందులో ఉండదు, కాబట్టి ఏ రోజువి ఆ రోజే.

కుళాయి బిగించిన 20 లీటర్ల మట్టికుండలు నాలుగు కొనండి. కుళాయి ఉంటే ఎవరి చేయీ నీళ్ళలో మునగదు. ఎక్కువ చలివేంద్రాలు పాడయ్యేది అక్కడే, కుండలో ముంచే లోటా దగ్గర. కొత్త కుండను ఒక రోజంతా నీళ్ళతో నింపి ఉంచి, ఆ నీళ్ళు మొక్కలకు పోసేయాలి. లేదంటే మొదటి నీళ్ళు మట్టివాసన కొడతాయి. కుండ చల్లబరిచేది దాని సన్నటి రంధ్రాల్లోంచి ఊరిన నీరు బయట ఆరిపోవడం వల్ల. ఆరాలంటే గాలి ఆడాలి. అందుకని గోడకు ఆనించకుండా స్టాండు మీద జానెడు ఎడంగా పెట్టండి, చుట్టూ తడి గోనెపట్టా చుట్టండి. నరసరావుపేట పొడి ఎండలో కుండ బాగా పనిచేస్తుంది. మచిలీపట్నం, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్ళలో అంత చల్లబడదు. కుండ లోపల సబ్బు వాడకూడదు, మట్టి దాన్ని పీల్చుకుని మర్నాడు నీళ్ళలో వదులుతుంది. కొబ్బరి పీచుతో రుద్ది, వేడినీళ్ళతో తొలిచి, ఎండబెట్టాలి. నాలుగు కుండల్లో రోజూ మూడు వాడుకలో, ఒకటి ఎండలో. ఇలా వంతుల వారీగా తిప్పితే పాచి పట్టదు.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. పొద్దున పదింటికి కుండ నింపి పదకొండుకు చల్లటి నీళ్ళు రావాలంటారు. చల్లబడడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆరున్నరకల్లా మూడు కుండలూ నిండాలి. నాలుగో క్యాను ఒంటిగంట తర్వాత పోయడానికి షాపులో ఉంచండి. సగం ఖాళీ అయిన కుండలో కొత్త నీళ్ళు కలిపితే అన్నీ వెచ్చబడతాయి, పూర్తిగా ఖాళీ అయిన దాంట్లోనే పోయండి.

20 లీటర్ల క్యాను ఎత్తడం మీవారి పని, బాబుది కాదు. క్యాను మూతికి పెట్టి నొక్కే చేతి పంపు దొరుకుతుంది. దాంతో కుండ నింపడం బాబు పని. నోటు పుస్తకం కూడా వాడిదే: తేదీ, పోసిన లీటర్లు, ఏ కుండ ఎన్నింటికి ఖాళీ అయింది, సాయంత్రం మిగిలింది. వారం తిరిగేసరికి సంత రోజున ఎంత ఎక్కువ కావాలో, ఆదివారం ఎంత తగ్గుతుందో వాడికే తెలుస్తుంది. అప్పటినుంచి రేపటికి ఎన్ని క్యాన్లనేది వాడే చెప్పాలి, మీరు దిద్దకూడదు. తక్కువ చెప్పి మధ్యాహ్నానికే అయిపోవచ్చు, అందుకని షాపులో మరో క్యాను అదనంగా ఉంచండి, పెద్దవాళ్ళెవరైనా వచ్చి పోస్తారు. పిల్లవాడికి పాఠం చెప్పడం కోసం ఎండలో వచ్చినవాళ్ళను దాహంతో పంపకూడదు.

పాపకు గ్లాసులు లెక్కపెట్టడం, కుండల మీద మూకుళ్ళు సరిగ్గా ఉన్నాయో చూడడం, పిట్టల కోసం వెడల్పాటి మట్టిపళ్ళెంలో రెండంగుళాల లోతు నీళ్ళు పెట్టడం. ఆ పళ్ళెం రోజూ కడిగి మార్చాలి. డెంగీ దోమ మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుంది, గుడ్డు దోమ కావడానికి వారం, పదిరోజులు చాలు. కుళాయిల కింద చుక్కలు పడే తొట్టికీ ఇదే వర్తిస్తుంది.

పిల్లలు పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది, సాయంత్రం అయిదున్నర నుంచి ఆరున్నర వరకే ఉండాలి. పదకొండు నుంచి నాలుగు మధ్య ఎండలో నిలబెట్టి నీళ్ళు పోయించడం సేవ కాదు, వాళ్ళకే వడదెబ్బ. కుళాయి కుండకు మనిషి కాపలా అక్కర్లేదు. మధ్యాహ్నం ఒకసారి పెద్దవాళ్ళెవరైనా చూసొస్తే చాలు. అక్కడెవరైనా సోలిపోయి, ఒళ్ళు కాలిపోతూ, తడబడుతూ మాట్లాడితే ఏం చేయాలో బాబుకు ముందే చెప్పి ఉంచండి: పెద్దవాళ్ళను కేకేయడం, 108కి ఫోన్ చేయించడం, నీడలోకి చేర్చి తడిబట్టతో తుడవడం. స్పృహలో లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకూడదు.

గ్లాసుల దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే అసలు సంగతి అక్కడే ఉంది. స్టీలు గ్లాసులు ఇరవై నాలుగు కొనండి. తాగినవి వేయడానికి వేరే టబ్బు. మొదటి రోజే మీవాడు ‘‘ఛీ, ఎంగిలి గ్లాసులు నేను ముట్టుకోను’’ అనవచ్చు. తిట్టకండి, మొదటి రెండు రోజులూ వాడి ముందు మీరే కడగండి. సబ్బు, తర్వాత రెండు విడతల మంచినీళ్ళు, బోర్లించి ఆరనివ్వడం. మూడో రోజు వాడికి బ్రష్ ఇవ్వండి, పక్కన నాన్న కూడా కూర్చోవాలి. ఎవరి ఎంగిలో తెలియని గ్లాసును ఒక మగపిల్లవాడు మర్యాదగా కడగడం చిన్న విషయం కాదు.

దీనికి ముందు ఇంట్లో చూసుకోవాల్సింది ఒకటుంది. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికి వేరే గ్లాసు ఉందా? ఉంటే ఈ చలివేంద్రం అంతా వృథా. మన ఊళ్ళ టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి ఎన్నాళ్ళు నడిచిందో, దాని వెనక ఏముందో పెద్దవాళ్ళందరికీ తెలుసు. పైనుంచి దోసిట్లో పోసే అలవాటు కూడా చాలాచోట్ల ఆ అంటు లెక్కల్లోంచి వచ్చిందే. అందుకే దోసిళ్ళలో పోయకండి. మీరు తాగే గ్లాసే అందరికీ. సాయంత్రం కుండల దగ్గర మీ నలుగురూ అదే కుళాయి కింద, అవే గ్లాసులతో తాగండి. నానమ్మ కూడా.

పిలుపూ అంతే. రిక్షా తాతను ‘‘ఏయ్, నీళ్ళు కావాలా?’’ అంటే ఇచ్చిన నీళ్ళకు విలువ లేదు. ‘‘తాతా, నీళ్ళు తాగండి’’ అనాలి. పిల్లలు ఈ ‘అండి’ని మీరు కూరగాయల బండి అతనితో మాట్లాడే తీరు నుంచి నేర్చుకుంటారు.

గ్లాసులు పోతాయి. వారానికి రెండు మూడు పోవడం మామూలే. గొలుసులు కట్టకండి, తాగడానికి వచ్చిన మనిషిని దొంగగా చూసినట్టుంటుంది. ముందే నాలుగు ఎక్కువ కొనుక్కోండి. ‘‘అమ్మా, ఎత్తుకుపోయారు’’ అని పాప ఏడిస్తే, బండి దగ్గరున్న పిల్లకు నీళ్ళు పట్టుకెళ్ళి తిరిగి ఇవ్వడం మర్చిపోయి ఉండవచ్చు కదా అనండి. కారు ఆపి తాగేవాళ్ళను చూసి ‘‘వాళ్ళకు డబ్బుంది కదా’’ అని బాబు అడుగుతాడు. దాహమైతే చాలు, ఇంకో అర్హత అడగం అని చెప్పండి. స్కూల్లో మధ్యాహ్న భోజన పథకానికి 2024లో ఎవరి పేరు పెట్టారో వాడికి తెలిసే ఉంటుంది. ఆ డొక్కా సీతమ్మ గారు లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చినవాళ్ళకు కూడా వండిపెట్టారు. ఆ కథ నానమ్మ చెబితే బాగుంటుంది. ‘పుణ్యం వస్తుంది’ అని ఆవిడ అంటే అననివ్వండి, అది ఆవిడ నమ్మకం. ‘ఇది చేస్తే నీకు మార్కులు బాగా వస్తాయి’ అని మాత్రం ఎవరూ అనకూడదు.

ఇంకో మాట కూడా అనవద్దు: ‘‘చూశావా, నువ్వెంత అదృష్టవంతుడివో!’’ మంచి ఉద్దేశంతోనే అంటాం. కానీ పిల్లవాడికి అందేది ‘వాళ్ళు కింద, నేను పైన’ అనే లెక్క. రాత్రి అన్నాల దగ్గర ఇవాళ ఎవరొచ్చారు, ఏం మాట్లాడారు, రేపు ఏం మార్చాలి అని అడగండి చాలు.

ఫ్లెక్సీలో పిల్లల ఫోటోలు వేయకండి. తాగేవాళ్ళ ఫోటోలు అసలే వద్దు. ‘మంచినీళ్ళు, ఉదయం 7 నుంచి సాయంత్రం 6 వరకు’ అని బాబు చేత పెద్ద అక్షరాలతో అట్ట మీద రాయించండి. వసతి గృహంలో తీసిన ఫోటోలు ఎక్కడైనా పెట్టి ఉంటే ఇవాళే తీసేయండి. అలాంటి పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని 2015 నాటి బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తోంది. ఆ పిల్లలకు ఏదైనా చేయాలనుంటే జూన్‌లో బడులు తెరిచే ముందు వార్డెన్‌ను అడిగి, చెప్పుల సైజులు, నోటుబుక్కుల లెక్క తీసుకుని, ఆఫీసులో అప్పగించి రండి. ఒక పిల్లవాడి చేత్తో ఇంకో పిల్లవాడికి దానం ఇప్పించకండి.

మజ్జిగ రోజూ పెట్టాలని ఉత్సాహపడకండి. వారానికి ఒక్కరోజు చాలు. లీటరు పెరుగుకు నాలుగు లీటర్ల నీళ్ళు, మూడు చెంచాల ఉప్పు, దంచిన అల్లం 50 గ్రాములు, మూడు పచ్చిమిరపకాయలు, కరివేపాకు, నాలుగు నిమ్మకాయలు. 25 గ్లాసులవుతుంది. వంద గ్లాసులకు నాలుగింతలు. పదకొండుకు కలిపి ఒంటిగంటకల్లా పంచేయాలి. ఆ ఎండకు రెండు మూడు గంటల్లో పులిసిపోతుంది, మిగిలింది మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు పోయకూడదు. నిమ్మకాయలు పిల్లల సొంత డబ్బుతో కొంటామంటే కొననివ్వండి. అడగకండి.

నెలన్నర అని ప్రకటించకుండా పదిహేను రోజులతో మొదలుపెట్టండి. ఎనిమిదో రోజుకో తొమ్మిదో రోజుకో విసుగొస్తుంది, వాడు లేవనంటాడు. ఆ రోజు మీరు వెళ్ళి చేసి రండి, సాయంత్రం పుస్తకం వాడి చేతికి ఇవ్వండి. రెండో రోజూ లేవకపోతే, ఏ పని విసుగ్గా ఉందో అడిగి చెల్లితోనో మీతోనో పని మార్చండి. మొత్తంగా మానేస్తానంటే మాత్రం పదిహేనో రోజు దాకా ఉండాలని గట్టిగా చెప్పవచ్చు. అక్కడికి వచ్చేవాళ్ళు ఖాళీ బాటిల్‌తో మిమ్మల్ని నమ్ముకుని వస్తున్నారు. తర్వాత కొనసాగించాలా వద్దా అనేది పిల్లల నిర్ణయం. పెళ్ళికో ఊరికో వెళ్ళాల్సి వస్తే, పక్కింటి వాళ్ళను అడిగి తాళాలు, పుస్తకం అప్పగించే పని బాబుది. ఎవరికైనా జలుబు, విరేచనాలు ఉంటే తగ్గేదాకా కుండలు ముట్టుకోకూడదు.

బడులు తెరిచే జూన్ 12 దగ్గరపడుతుండగా, మూడు రోజుల ముందే అట్ట మీద ఆఖరి తేదీ రాయండి. అప్పటికీ ఎండలు తగ్గకపోతే ఆటో స్టాండు వాళ్ళనే అడగండి, కుండలు, స్టాండు వాళ్ళకు ఇచ్చేస్తే క్యాన్లు తామే వేసుకుంటామంటారేమో. లేదంటే పీచుతో రుద్ది రెండు రోజులు ఎండబెట్టి, మూతులు బోర్లించి అటక మీద పెట్టండి. కుళాయిలు విప్పి, రబ్బరు వాషర్లు తీసి విడిగా దాచండి, కుండకు వదిలేస్తే వచ్చే వేసవికి ఎండి పగిలిపోతాయి.